ఖాళీగా తిరిగిరాని బుట్ట

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు పెంచి చెప్పే జబ్బుంది. ఇంట్లోకి పిల్లి వచ్చిందంటే, ఆ వార్త నా నోటి మీదుగా వీధి చేరేసరికి దానికి చారలు మొలుస్తాయి. బస్సులో కాసేపు నిలబడితే ఇంటికొచ్చి యుగాలు గడిచిపోయాయంటాను. మా ఆవిడ నేను చెప్పిన ప్రతిదాన్నీ సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ విరిచి, మిగిలిన ముక్కను కూడా ఇంకెవరినైనా అడిగాకే నమ్ముతుంది. కూరగాయల విషయంలో ఈ జబ్బు మరీ ముదురుతుంది. కాబట్టి నేను చెప్పబోయే దాంట్లో ముల్లంగి పొడవు దగ్గరా, చలి తీవ్రత దగ్గరా మీ ఇష్టం వచ్చినంత కోసుకోండి. నాకేం బాధ లేదు.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్కన ఒక సందు వస్తుంది. అది ఎంత సన్నని సందంటే, ఎదురొచ్చే మనిషి భోంచేసి వస్తున్నాడా, భోజనానికి వెళ్తున్నాడా అన్నదాన్ని బట్టి మనం వెనక్కి నడవాలో వద్దో తేలుతుంది. దాని చివర సేటు గారి ఇల్లు. ఆయనకు అబిడ్స్‌లో సూట్‌కేసుల దుకాణం ఉంది. తాతల కాలం నుంచీ హైదరాబాదీలు. ఇంట్లో తెలుగూ ఉర్దూ ఒకే పళ్ళెంలో కలిపి తినే కుటుంబం. ఆ ఇంటి వెనక, అవతలి రోడ్డు వైపు గేటుతో, ఖాళీ జాగా ఒకటుంది. రెండు లారీలు పక్కపక్కన నిలిపితే మూడో లారీ అలిగి వెళ్ళిపోయేంత చోటు. మా తోట అదే.

తోట అన్నాను గానీ ముందు అది చెత్తకుప్ప. విరిగిన ఇటుకలు, పగిలిన పలకలు, తుప్పు పట్టిన సూట్‌కేసు తాళాలు. దాన్ని మట్టిగా మార్చింది టీచరమ్మ. గన్‌ఫౌండ్రీలో ఒక బడిలో లెక్కలు చెప్పేది. వాళ్ళ పెద్దవాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఒకరోజు ఉన్నట్టుండి బడి ఉద్యోగం మానేసి, సేటు గారిని అడిగి, ఆ చెత్తకుప్పలోకి పార పట్టుకుని దిగింది. రెండు వానాకాలాలు ఆమె చేసిన పనల్లా మొజంజాహీ మార్కెట్లో వాడిపోయిన పూలు, జ్యూస్ బండ్ల దగ్గర తొక్కలు, రాలిన ఆకులు గోనెసంచుల్లో మోసుకొచ్చి కుళ్ళబెట్టడం. ఆ రోజుల్లో ఆమె అబిడ్స్‌లో నడుస్తుంటే ఈగలు ఊరేగింపుగా వెనక వచ్చేవి. చివరికి నల్లగా, మెత్తగా, వాన చినుకు పడితే కమ్మగా వాసనొచ్చే మట్టి తయారైంది.

పోయిన చలికాలం మొదలయ్యే ముందు చుట్టుపక్కల కొన్ని కుటుంబాలను పోగేసి ఆమె ఒక పద్ధతి పెట్టింది. సీజను మొదట్లోనే అందరం తలా కొంత వేసుకుంటాం. ఆ తర్వాత ప్రతి ఆదివారం మడుల్లో ఏది కాస్తే అది, ఎంత కాస్తే అంత, అందరికీ సమానంగా వాటా. కాలీఫ్లవర్ వస్తే కాలీఫ్లవర్, పురుగు వస్తే పురుగు. పొద్దున్నే వచ్చి కాసేపు చాకిరీ చేయాలి. వెళ్ళేటప్పుడు ఎవరి బుట్ట వాళ్ళు పట్టుకుపోవాలి. నాతో పాటు మా ఆవిడా వచ్చేది; మా బుట్ట ఇంటికి మోసేది ఆమే.

సేటు గారికి మాత్రం ఈ నియమం లేదు. జాగా ఇచ్చిన మనిషి వచ్చి లైన్లో నిలబడతాడా? మర్యాద కాదు కదా! అందుకని ఆయన వాటా బుట్టను ఆయన వెనక గుమ్మం దాకా మేమే మోసేవాళ్ళం. ఈ ఒక్క మర్యాద మాకెంత పని తెచ్చిపెట్టిందో ఆ తర్వాత తెలిసింది.

మొదటి ఆదివారమే సేటు గారు మడుల గట్టు మీదికి వచ్చి సంగతి తేల్చి చెప్పారు.

“చూడుండ్రి టీచరమ్మా, నాకు చెట్లు తెల్వయ్, చేన్లు తెల్వయ్. నాకు తెల్సింది తాళం, జిప్పు. పార్కింగాయన జాగ కిరాయికియ్యమని రోజూ వచ్చి పాణం దీస్తుండు. నుమాయిష్ ఎగ్జిబిషన్ షురూ అయితే నాంపల్లిల బండి వెట్టనీకి జాగుండది గదా. శివరాత్రి దాక చూస్త. మనసుకు మంచిగనిపిస్తే తోట ఉంటది. లేకుంటే బండ్లు వెడ్త. ఏమనుకోవద్దు.”

“అనుకోనండీ,” అంది టీచరమ్మ.

ఆయన వెళ్ళాక చేతిలో మట్టిని నలుపుతూ మాతో అంది. “మొక్కలంటే కుండీల్లో పెట్టుకుని ఎక్కడికైనా పోతాను. ఈ మట్టిని మాత్రం మోసుకుపోలేను. మళ్ళీ మొదలుపెట్టే ఓపికా లేదు.”

అప్పటి నుంచీ మాకందరికీ ఒకటే యావ. సేటు గారి మనసుకు మంచిగనిపించాలి.

హైదరాబాదు చలి గురించి బయటివాళ్ళు నవ్వుతారు. వాళ్ళు ఆదివారం పొద్దున మా తోటకు రాలేదు. పక్కనున్న లాడ్జి భవనం ఎండను అడ్డంగా పట్టుకుని కూర్చునేది. లాడ్జి వాటర్ ట్యాంకు నీడ జరిగితే తప్ప మడులకు సూర్యుడు దొరకడు. ముందు మెంతికూర మడికి, తర్వాత పాలకూరకు, ఆ తర్వాత టమాటాలకు. ఎండ ఏ మడి మీదుంటే మేమంతా ఆ మడిలోనే కలుపు తీసేవాళ్ళం. అందుకే మా మెంతికూర మడిలో కలుపు మొక్క తల ఎత్తితే నలుగురం మీదపడేవాళ్ళం, బఠాణీ మడిలో మాత్రం అడవి పెరిగేది. మంకీ క్యాపులో నుంచి నా ముక్కు ఒక్కటే బయటికి ఉండేది. అది గడ్డకట్టి పోతుందేమోనని మధ్యమధ్యలో తడిమి చూసుకునేవాణ్ణి.

మా అందరిలో పెద్దాయన గార్డు సాబ్. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా మెడలో ఈల వదల్లేదు. బఠాణీ మొలకల మీద పావురాలు వాలితే ఈల. ఫ్లాస్కులో చాయ్ వస్తే ఈల. ఆయన ఈల వేస్తే పావురాలు ఎగరవు గానీ, స్టేషన్లో బండి ఒకటి కదిలేదని నా గట్టి నమ్మకం.

తొలి వారాలన్నీ ముల్లంగి. ముల్లంగి తప్ప ఇంకోటి లేదు. ఒక్కొక్కటి గార్డు సాబ్ మోచెయ్యంత. దాన్ని పీకడానికి ముగ్గురం వెనక్కి వాలేవాళ్ళం. ఊడి వచ్చినప్పుడు సందు చివరి కిటికీలు అదిరేవి. ఇంట్లో ముల్లంగి పప్పు, ముల్లంగి సాంబారు, ముల్లంగి పచ్చడి, ముల్లంగి పరాఠా. ఒకరోజు మా ఆవిడ ముల్లంగి లేకుండా బంగాళాదుంప వేపుడు చేసింది. అందులోనూ ముల్లంగే ఘాటుగా పలకరించింది. ఆఫీసులో నా పక్క కుర్చీ ఆయన నెమ్మదిగా జరుగుతూ జరుగుతూ వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చలి ముదిరింది, కాలీఫ్లవర్లు తెల్లబడ్డాయి. ఆ ఆదివారం టీచరమ్మ కాటా పెట్టి అందరి బుట్టలూ సమానంగా నింపి, జామచెట్టు కింద బల్ల మీద వరసగా పెట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. గార్డు సాబ్ చాయ్ ఈల వేశారు. నేను గ్లాసు పట్టుకుని బల్ల పక్కగా వెళ్తూ సేటు గారి బుట్టలోకి తొంగిచూశాను. రెండు ముల్లంగులు, కాసిని ఆకులు, పురుగు ఒక పక్క గదిలా తొలుచుకున్న పిడికెడు కాలీఫ్లవర్. ఈ పిడికెడు పువ్వుకి నాంపల్లిలో జాగా వదులుకునే మనిషి ఎవరైనా ఉంటారా? అటూ ఇటూ చూశాను. నా బుట్టలోని కాలీఫ్లవర్ తీసి ఆయన బుట్టలో పెట్టి, పైన మెంతికూర కప్పేశాను. మా ఆవిడకు ఇంట్లో చెప్పాను: “మనదాన్ని పురుగు తినేసింది. పువ్వు మొత్తం. కాడతో సహా.”

“పురుగా, పందికొక్కా?” అంది.

“పురుగే. పెద్దది.”

నా మాటల్ని అన్నేళ్ళుగా విరిచి పారేసిన మనిషి, చిత్రంగా, ఆ రోజు ఇంకేం అడగలేదు.

సాయంత్రం సేటు గారి భార్య వెనక గుమ్మం నుంచి టీచరమ్మను పిలిచి బుట్ట తిరిగి ఇచ్చింది. ఆమెను మేమంతా భాభీ అనేవాళ్ళం. ముల్లంగి వారాల్లో నాలుగు పటికబెల్లం పలుకులు వచ్చేవి; ఈసారి బుట్ట అడుగున ఉస్మానియా బిస్కట్ల పొట్లం ఉంది. టీచరమ్మ దాన్ని తర్వాతి ఆదివారం అందరికీ పంచింది.

“సేట్ ఖుష్ అయినట్టున్నడు,” అన్నారు గార్డు సాబ్, బిస్కట్టు చాయ్‌లో ముంచుతూ. మాకందరికీ అలాగే అనిపించింది. ఖుషీ ఇంకాస్త పెరిగితే బాగుండు అని నేను ఆ వారం కాలీఫ్లవర్‌తో పాటు చిక్కుడుకాయలు కూడా ఆయన బుట్టలోకి మార్చేశాను.

ఆ సాయంత్రం బుట్టలో గాజర్ హల్వా వచ్చింది. ఆ తర్వాతి వారం డబల్ కా మీఠా. ఆపై ఖుబానీ కా మీఠా, మీద మీగడతో. తర్వాత ఒక ఆదివారం ఏకంగా టిఫిన్ క్యారియర్, అందులో బగారా అన్నం, మిర్చీ కా సాలన్. మేము తోటలో కూర్చుని తిన్నాం. గార్డు సాబ్ కళ్ళు మూసుకుని తిన్నారు.

“తమ్మీ, మనసుకు నచ్చనోడు గింత సాలన్ పంపుతడా? చెప్పు!”

“పంపడు సాబ్.”

“మరి ఫికర్ లేదు. తోట ఉన్నట్టే.”

ఇంట్లో మాత్రం మేము ముల్లంగే తింటున్నాం. తోట నిండా టమాటాలు ఎర్రగా వేలాడుతున్నాయి, మా పళ్ళెంలోకి ఒక్కటీ రాదు. అడిగితే మా ఆవిడ “దారిలో చితికిపోయాయండీ” అనేది. ప్రతి వారం చితికిపోయేవి. నేను పురుగు అంటున్నాను కాబట్టి చితకడం గురించి ఎక్కువ విచారించే మొహం లేకపోయింది.

ఒక్కటే నాకు అర్థంకాని సంగతి. వారం వారం సేటు గారు తరిగిపోతున్నారు. మొదట్లో ఆయన పొట్ట దుకాణంలోకి ముందు ప్రవేశించి, ఆయన కాసేపటికి వచ్చేవారు. సంక్రాంతి దాటేసరికి ఇద్దరూ ఒకేసారి వస్తున్నారు. ఆదివారం పొద్దున వెనక తలుపు కర్టెను కొంచెం కదిలేది. ఒక కన్ను బుట్టల బల్ల వైపు చూసి, గభాలున మాయమయ్యేది. బుట్ట కోసం ఎంత ఆత్రమో అనుకున్నాను.

నుమాయిష్ ఊపందుకుంది. సాయంత్రమైతే మా సందు మొదటి దాకా బండ్లు. హారన్లు, తిట్లు, కొన్న రగ్గులు తలమీద పెట్టుకుని నడిచే కుటుంబాలు. పార్కింగాయన సందు మొగలో నిలబడి ఆ దృశ్యాన్ని తన సొంత సినిమాలా చూసుకునేవాడు.

అలాంటి ఒక రోజున నా సంచి జిప్పు ఊడిపోయింది. ముల్లంగి పొడుచుకుని ఊడింది, నేనేం కల్పించడం లేదు. బాగు చేయించుకుందామని సేటు గారి దుకాణానికి వెళ్ళాను. పెద్ద సూట్‌కేసుల దొంతర వెనక నిలబడి నా వంతు కోసం చూస్తుంటే, అవతల నుంచి మాటలు వినిపించాయి.

“సరే తియ్,” అంటున్నారు సేటు గారు, అలసిపోయిన గొంతుతో. “శివరాత్రి తెల్లారి రా. సున్నం దెచ్చుకో, గీతలు గొట్టుకో.”

“టీచరమ్మకు చెప్పినవా సేట్?” పార్కింగాయన గొంతు.

“వచ్చే ఆదివారం తోటల దావత్ ఉన్నదట. గాడ్నే చెప్త.” ఒక నిట్టూర్పు. “బండి వెట్టినోడు కిరాయిచ్చి పోతడు భై. ఇంకేం పట్కరాడు.”

ఆ ఆఖరి మాట నాకు అర్థం కాలేదు. జిప్పు అలాగే వదిలేసి, నాంపల్లి రోడ్డంతా పరుగు పెట్టాను. పరుగంటే, నడకకన్నా కాస్త గట్టిగా.

టీచరమ్మ టమాటా మొక్కలకు పుల్లలు కడుతోంది. చెప్పాను. తాడు ముడి సగంలో ఆపి, కాసేపు మట్టి వైపు చూసింది. తర్వాత ముడి పూర్తి చేసింది. బిగించి కట్టింది, ఆ మొక్క అక్కడ ఇంకా చాలా కాలం ఉండాలన్నట్టు.

“ఆయన జాగా, ఆయన ఇష్టం,” అంది. “ఇన్నాళ్ళు ఇచ్చారు. ఆఖరి బుట్ట లోటు లేకుండా ఇద్దాం.”

సాయంత్రానికల్లా అందరికీ పాకిన ఆ మాట మా గుండెల్లో ఎలా దిగబడిందో ఆదివారం తెలిసింది.

దావత్ అంటే చలికాలం చివర మా వాటాల్లోంచే వండుకుని, మడుల పక్కనే కూర్చుని తినడం. ఇటుకల పొయ్యి మీద పెద్ద గిన్నె ఉడుకుతోంది. టీచరమ్మ ఎప్పటిలాగే బుట్టలు నింపి చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. చాయ్ ఈల మోగింది. కాసేపటికి గార్డు సాబ్ సేటు గారి బుట్ట మీద తడి గోనెపట్ట కప్పి ఎత్తబోయి, ఎత్తలేక నన్ను పిలిచారు. ఇద్దరం కలిసి ఎత్తినా అది లేవలేదు. చివరికి కర్ర దూర్చి, అమ్మవారి పల్లకీలా భుజాల మీద మోసుకుంటూ వెనక గుమ్మానికి బయల్దేరాం.

సరిగ్గా అప్పుడే సేటు గారూ భాభీ దావత్‌కని బయటికొస్తున్నారు. భాభీ బుట్టను చూసింది. చూసి, గుమ్మం మెట్టు మీదే కూలబడింది.

“అయ్యో దేవుడా! మల్ల వచ్చిందా!”

మా ఆవిడ పరుగున వచ్చింది. “ఏమైంది భాభీ? ఒంట్లో బాగా లేదా?”

“ఒంట్లో ఏముంటదమ్మా, అంత పొయ్యిల వోయింది! చలి షురూ అయినకాడికెల్లి నేను పొయ్యి కాడికెల్లి లేస్తలేను. మీరు బుట్ట పంపుతిరి. మా ఇంట్ల ఖాళీ బుట్ట వాపస్ పంపే రివాజు లేదు. మా అత్త పంపలే, ఆమె అత్త పంపలే. బిస్కట్లేసి పంపితి. మీరు ఇంకింత పెద్ద బుట్ట పంపితిరి! గంత బుట్టల గిన్ని బిస్కట్లేస్తె ఇజ్జత్ ఉంటదా? గాజర్లు తురిమి తురిమి నా గోర్లు అరిగినయ్. హల్వ జేసి పంపితి. మీరు గింత పెద్దది పంపితిరి! ఇగ నేనేం జెయ్యాలె, బిర్యానీ డేగీసలు మోయాలెనా?”

పల్లకీ ఇంకా మా భుజాల మీదే ఉంది.

“జర కింద వెట్టుండ్రి,” అన్నారు సేటు గారు మమ్మల్ని చూసి జాలిపడి. తర్వాత ఆయనా మొదలుపెట్టారు. “ఇద్దరమే ఉంటిమి. గిన్ని కూరగాయలు ఎట్ల తినాలె? కాచిగూడల బిడ్డకు పంపినం. ఆమె అత్తగారేమన్న తక్కువదా? అదే బుట్టల నువ్వుల లడ్డూలు నింపి వాపస్ పంపింది. ఇగ ఆమెకు మల్ల మేం పంపాలె. పక్కింటోళ్ళకిస్తిమి. వాళ్ళు గిన్నెడు సేమ్యా తెచ్చిరి. నేను దుకాణం జూస్కోవాలెనా, డబ్బాలు వట్టుకొని కాచిగూడకు ఉర్కాలెనా? ఇరవై నాలుగ్గంటలు ఇదే పరేషాన్!”

“మరి వద్దని ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ?” అంది టీచరమ్మ.

సేటు గారు ఆమె వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చెంప మీద కొట్టినా మనిషి అంత నొచ్చుకోడు.

“ఇంటికొచ్చిన దాన్ని వద్దంటమా అమ్మా?”

అప్పుడు నాకు బోధపడింది. తోటను ఖాళీ చేయించడం మర్యాదే. కాలీఫ్లవర్‌ను వద్దనడం మాత్రం మర్యాద కాదు. దుకాణంలో ఆయన అన్న ఆఖరి మాట కూడా అప్పుడే అర్థమైంది. బండి పెట్టినవాడు టమాటాలు పట్టుకుని గుమ్మానికి రాడు.

“కానీ మీ వాటా అందరితో సమానమేనండీ,” అంది టీచరమ్మ అయోమయంగా. “నేనే కాటా పెట్టి వేస్తాను.”

“సమానమా?” భాభీ లేచి గోనెపట్ట లాగేసింది.

ఆ బుట్టతో పెళ్ళివారి పంక్తిని లేపొచ్చు. టీచరమ్మ దాన్నే చూస్తూ నెమ్మదిగా ఎర్రబడింది. “పైనున్న వంకాయలు, క్యారెట్లు నావి,” అంది. “ప్రతి వారం వేశాను. కానీ ఈ కాలీఫ్లవర్లు?”

నేను దగ్గాను. మా ఆవిడ గిరుక్కున నా వైపు తిరిగింది.

“పురుగు తినేసిందన్నారు?”

“టమాటాలు చితికాయన్నావు?” అన్నాను నేను, బుట్టలో నిగనిగలాడుతున్న టమాటాల్ని చూపిస్తూ.

“అంటే చలికాలమంతా మనం ముల్లంగి తిన్నది…”

“ఇద్దరి వల్లా,” అన్నాను.

వెనక నుంచి గార్డు సాబ్ గొంతు సవరించుకున్నారు. “బఠాణీలు నావే. నేను మోసుకపోయినప్పుడల్లా బరువు జూసి, టీచరమ్మనే సేట్‌కు జాస్తి ఏసిందనుకున్న.”

భాభీ మా నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగలేదు. మెట్టు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఎవరు వేసినవి వాళ్ళం తీసి పక్కన పెట్టాం. అడుగున మిగిలింది చూసి ఆమె బుట్టను ఒంటి చేత్తో ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది.

“గింతేనా మా వాటా?” ఆమె మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

“గింతైనా,” అన్నారు సేటు గారు దిగాలుగా, “ఖాళీగ అయితే వాపస్ పంపం గదా. మల్ల షురూ అయితది.”

అది నిజమే. మళ్ళీ అందరం బుట్ట చుట్టూ నిలబడి ఆలోచనలో పడ్డాం. పొయ్యి మీద కూర అడుగంటే వాసన వస్తోంది. ఎవరూ కదల్లేదు.

“వీళ్ళెవరూ నాకేం తిరిగి పంపరు,” అంది టీచరమ్మ ఉన్నట్టుండి. “ఎందుకంటే నేను వీళ్ళకేం పంపను. వచ్చి పని చేస్తారు, వాళ్ళది వాళ్ళు పట్టుకుపోతారు. మీ దగ్గరే మేము తప్పు చేశాం. మర్యాద అనుకుని గుమ్మం దాకా తెచ్చాం. మీరే వచ్చి తీసుకుంటే అది మీ సొంత తోటలోది. సొంతదానికి ఎవరికి తిరిగి పెట్టాలి?”

సేటు గారు నోరు తెరిచారు. అంతలో భాభీ అందుకుంది. “నేనొస్త! పొద్దుగాల వచ్చి కలుపు వీకుత, మట్టి మోస్త, ఏం జెప్తే అది జేస్త. పొయ్యి కాడికెల్లి నన్ను లేపుండ్రి, చాలు!”

అప్పుడు సేటు గారు బోర్లించిన తొట్టి మీదికి ఎక్కి నిలబడ్డారు. చేయెత్తారు. తోట నిశ్శబ్దమైపోయింది. “ఈ జాగల మా తాత గుర్రం కట్టేసిండు. మా నాయిన కారు వెట్టిండు. నేను చెత్త వోసిన. టీచరమ్మ ఒక్కతే దీన్ని అన్నం వెట్టే మట్టి చేసింది. నా పాణమున్నంత దాక ఈ మట్టి మీద సున్నం గీత పడదు!” అన్నారు. గార్డు సాబ్ ఈల ఊదారు. పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. మా చప్పట్లు నుమాయిష్ దాకా వినిపించాయి. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. లాడ్జి కిటికీల్లోంచి చూస్తున్న ముక్కూమొహం తెలియని ప్రయాణికులు కూడా తుడుచుకున్నారు.

ఇదిగో, ఈ ఉపన్యాసం నేను కల్పించింది. తొట్టీ లేదు, తాత గుర్రమూ లేదు, కిటికీలో ఒక్క ప్రయాణికుడూ లేడు. తక్కినదంతా నేను పెంచి ఉండొచ్చు గానీ పుట్టించలేదు. ఇది మాత్రం పుట్టించాను. అంత జరిగాక ఎవరో ఒకరు నాలుగు మంచి మాటలు అనాలని నాకు కోరిక. సేటు గారు ఏమీ అనలేదు.

నిజంగా జరిగింది ఇంతే. అందరం కూర్చుని, కొంచెం మాడిన కూరతో అన్నం తిన్నాం. సేటు గారు రెండోసారి వడ్డించుకున్నారు. చేయి కడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని మడుల మధ్య కాసేపు తిరిగారు. కాపు అయిపోయి ఖాళీగా ఉన్న కాలీఫ్లవర్ మడి దగ్గర ఆగారు. టీచరమ్మ ఆయన వైపు చూడకుండా గిన్నెలు సర్దుతోంది. ఆమె చేతిలో గరిటె మూడుసార్లు అదే గిన్నెలోకి వెళ్ళి బయటికొచ్చింది.

“ఎండకాలంల గీ మడిల ఏమేస్తరు?” అని అడిగారాయన.

ఆమె గరిటె కింద పెట్టింది. “బీర… దోస… సొర,” అంది.

“సొర వద్దు. నాకు పడది.”

“సరేనండీ. సొర వెయ్యను.”

ఆయన తలూపి, ఇంట్లోకి వెళ్ళిపోయారు. సొరకాయ పులుసంటే నాకు ప్రాణం. ఆ రోజు మాత్రం నోరెత్తలేదు.